విక్రాంత్ బాయిలర్ గది: మా నాన్న జ్ఞాపకాలు రికార్డు చేసిన నా అనుభవం

మా నాన్న పాత ఐఎన్ఎస్ విక్రాంత్ అనే యుద్ధనౌకలో స్టోకర్, అంటే బాయిలర్ల దగ్గర పనిచేసే నావికుడు. 1971లో పాకిస్తాన్‌తో యుద్ధం జరిగినన్ని రోజులూ ఆ ఓడ అడుగున బాయిలర్ గదిలోనే డ్యూటీ చేశారు. విక్రాంత్ గురించి పేపర్లలో ఎప్పుడు వచ్చినా పైలట్లు కనిపిస్తారు, అడ్మిరల్స్ కనిపిస్తారు, డెక్ మీద నుంచి లేచే సీ హాక్ విమానాలు కనిపిస్తాయి. కింద ఆవిరి పుట్టించినవాళ్ల గురించి రెండు వాక్యాలుంటే గొప్ప. నాన్నతో పనిచేసినవాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు. ఉన్నవాళ్ల చేతనైనా చెప్పించి దాచాలని ఈ పని మొదలుపెట్టాను. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల్లో నేవీలో పనిచేసిన మనిషి ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి. వాళ్ల పిల్లలకి పనికొస్తుందని, ఈ పని ఎలా సాగిందో రాస్తున్నాను.

ముందు ఓడ సంగతి కొంచెం చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటన్ తన కోసం హెచ్ఎంఎస్ హెర్క్యులిస్ అనే విమానవాహక నౌక కట్టడం మొదలుపెట్టింది. యుద్ధం అయిపోవడంతో ఆ పని సగంలో ఆగింది. 1957లో మన దేశం దాన్ని కొని, బెల్‌ఫాస్ట్‌లో పూర్తి చేయించుకుంది. 1961 మార్చి 4న విజయలక్ష్మీ పండిట్ చేతుల మీదుగా ఐఎన్ఎస్ విక్రాంత్‌గా నేవీలో చేరింది. 213 మీటర్ల పొడవు, వెయ్యి మందికి పైగా సిబ్బంది. మన దేశానికి మొదటి విమానవాహక నౌక అదే.

రికార్డింగ్‌కి పెద్ద సామానేమీ కొనలేదు. ఫోన్లో ఉన్న రికార్డరే వాడాను. ఫ్యాన్ ఆపి, వీధివైపు కిటికీ మూసి, ఫోన్‌ని నాన్న పక్కన బల్ల మీద ఒక తువ్వాలు మడతపెట్టి దాని మీద ఉంచేదాన్ని. పొద్దున టిఫిన్ అయ్యాక కూర్చుంటే బాగా మాట్లాడేవారు. సాయంత్రమైతే అలిసిపోయేవారు.

"నాన్నా, యుద్ధం గురించి చెప్పు" అని అడిగితే ఏమీ రాలేదు. పేపర్లో చదివినవే తిరిగి నాకు చెప్పారు. అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్, చిట్టగాంగ్ రేవుల మీద దాడులు, పాకిస్తాన్ లొంగిపోవడం, అంతే. అవన్నీ ఆయన కళ్లతో చూసినవి కావు. చిట్టగాంగ్ మీద బాంబులు పడుతున్నప్పుడు ఆయన ఉన్నది నీటి మట్టానికి కింద, ఇనుప గోడల మధ్య. అందుకని ప్రశ్న మార్చాను. "వాచ్‌కి దిగేటప్పుడు ముందు ఏ తలుపు వచ్చేది? నీ ఎడమ చేతివైపు ఏముండేది?" అని అడిగాను. వాచ్ అంటే ఓడలో డ్యూటీ వంతు. ఒక తెల్ల కాగితం, పెన్సిలూ ఇచ్చాను.

అక్కడి నుంచి మాట వరదలా వచ్చింది.

కాగితం మీద ముందు ఒక చిన్న గది గీశారు. దానికి రెండు తలుపులు. బాయిలర్ గదిలోకి పెద్ద ఫ్యాన్లతో గాలి కొడుతూ ఉంటారట, ఆ ప్రెషర్ తగ్గకూడదు. అందుకని మొదటి తలుపు మూశాకే రెండోది తెరవాలి. రెండూ ఒకేసారి తెరిస్తే కొలిమిలో మంట వెనక్కి తన్నే ప్రమాదం ఉంటుంది. తర్వాత నిచ్చెన, దాని కింద పలకల నేల, ఎదురుగా బాయిలర్ ముఖం. నూనె చిమ్మే స్ప్రేయర్లు, వాటి పక్కన నీటి మట్టం చూపించే గాజు గొట్టం. ఆ గాజు గొట్టం దగ్గరికి వచ్చేసరికి నాన్న పెన్సిల్ పక్కన పెట్టేశారు. "దీన్ని చూస్తూనే ఉండాలమ్మా. నీళ్లు తగ్గితే ట్యూబులు కాలిపోతాయి. ఎక్కువైతే ఆవిరితో పాటు నీళ్లు టర్బైన్లోకి పోతాయి. నాలుగు గంటల వాచ్‌లో కన్ను దీని మీద నుంచి తియ్యకూడదు" అని, కూర్చున్నచోటే మెడ కొంచెం ఎత్తి, గోడమీద ఏదో ఉన్నట్టు చూశారు. కుడిచెయ్యి దానంతటదే వాల్వ్ తిప్పినట్టు తిరిగింది. ఆ సంగతి ఆడియోలో రాదు కదా. మర్నాటి నుంచి ఇంకో ఫోన్ ఎదురుగా పెట్టి వీడియో కూడా తీశాను.

పొగ గురించి చెప్పింది నేనెక్కడా చదవలేదు. గాలి తక్కువైతే చిమ్నీ నుంచి నల్లపొగ, ఎక్కువైతే తెల్లపొగ. యుద్ధ సమయంలో పొగ కనిపించిందంటే ఓడ ఎక్కడుందో శత్రువుకి చెప్పినట్టే. కింద ఉన్నవాడికి ఆకాశం కనిపించదు కాబట్టి, అద్దాల ఏర్పాటులోంచి పొగ రంగు చూస్తూ గాలిని సర్దేవారట. కాస్త తేడా వచ్చినా పైనుంచి కేకలు. "మేం పొగని చూసేవాళ్లం, పైవాళ్లు సముద్రాన్ని చూసేవాళ్లు" అన్నారు నాన్న.

నన్ను బాగా కదిలించింది విమానాల సంగతి. విక్రాంత్ మీద విమానాన్ని విసిరే కాటాపుల్ట్ ఆవిరితో పనిచేస్తుంది. ఆ ఆవిరి ఈ బాయిలర్లదే. ఒక్కో విమానం లేచినప్పుడల్లా పైన దడ్‌మని చప్పుడు, ఇక్కడ ప్రెషర్ గేజి ముల్లు కొంచెం కిందకి జారడం, వెంటనే స్ప్రేయర్లు పెంచి దాన్ని మళ్లీ పైకి తేవడం. డిసెంబరు 4న మొదటి సీ హాక్‌లు కాక్స్ బజార్ మీదకి వెళ్లినప్పుడు నాన్నకి యుద్ధం మొదలైందని తెలిసింది అలాగే. ముల్లు దిగింది, ఎక్కింది, మళ్లీ దిగింది. పక్కనున్నవాడు వేళ్లు మడిచి లెక్కపెట్టాడట. తిరిగొచ్చిన విమానాల లెక్క మాత్రం కింద ఉన్నవాళ్లకి తెలిసే దారి లేదు. వాచ్ దిగి పైకొచ్చాక, "అందరూ వచ్చారా?" అన్నదే మొదటి ప్రశ్న అట.

అసలు ఆ బాయిలర్లే పెద్ద టెన్షన్. 1970లో వాటి నీటి డ్రమ్ముల్లో పగుళ్లు కనిపించాయి. వెల్డింగ్‌తో బాగుచేసే రకం కావు. కొత్త డ్రమ్ములు బ్రిటన్ నుంచి రావాలి. అవి రాకముందే యుద్ధం వచ్చేలా ఉంది. ఓడని బొంబాయిలోనే ఉంచేద్దామన్న ఆలోచన కూడా నడిచింది. చివరికి 1971 మొదట్లో తక్కువ ప్రెషర్‌తో బాయిలర్లు వెలిగించి, పరీక్షించి, బయటికి తీశారు. 24 నాట్లకి (గంటకి సుమారు 44 కిలోమీటర్లు) పైగా వెళ్లాల్సిన ఓడ అంత వేగం అందుకోలేని స్థితిలో యుద్ధానికి వెళ్లింది. విమానం లేవాలంటే డెక్ మీద ఎదురుగాలి కావాలి. ఓడ వేగం తగ్గితే ఆ గాలీ తగ్గుతుంది. సముద్రం మీద గాలి లేని రోజు పైలట్లకి ఎంత కష్టమో, ఆ బరువంతా కింద బాయిలర్ల దగ్గర ఉన్నవాళ్ల మీదా పడేది. విక్రాంత్ సిబ్బందికి ఆ యుద్ధంలో రెండు మహావీర చక్రాలు, 12 వీర చక్రాలు వచ్చాయి. పగిలిన డ్రమ్ముల పక్కన నిలబడి ఆవిరి అందించిన కుర్రాళ్లలో చాలామందికి అప్పుడు పాతికేళ్లు కూడా లేవు. ఆ సంగతి ఆ పతకాల పక్కనే రాయాలని నా పట్టుదల.

అన్నీ చెప్పారని కాదు. కొన్నిచోట్ల "అది వద్దులేమ్మా" అని ఆపేసేవారు. యాభై ఏళ్లు దాటినా ఓడలో విషయం బయట చెప్పకూడదన్న క్రమశిక్షణ పోలేదు. ఇంకొన్నిచోట్ల అది క్రమశిక్షణ కాదు, బాధ. అలాంటప్పుడు రికార్డర్ ఆపేసి, ఆపానని ఆయనకి చూపించేదాన్ని. నమ్మకం కుదిరాక వాటిలో కొన్ని ఆయనే మళ్లీ ఎత్తారు. కొన్ని ఎత్తలేదు. నేనూ అడగలేదు.

ఇక అమ్మ. మొదట "నాకేం తెలుసు, ఆయన్నడుగు" అంది. ఇప్పుడు చూసుకుంటే అన్నిటికన్నా ఎక్కువసేపు నడిచిన రికార్డింగు అమ్మదే. అప్పటికి వాళ్ల పెళ్లై కొద్ది నెలలు. విశాఖలో పాతబస్తీ వైపు ఒక అద్దె గది. బ్లాకవుట్ రోజులు. కిటికీలకి నల్లకాగితం అతికించి, దీపం బయటికి కనపడకుండా కుండలో పెట్టుకుని వండుకునేవాళ్లట. రిఫైనరీ మీద బాంబు పడుతుందని అందరికీ భయం. ఓడ ఎక్కడుందో తెలీదు. ఉత్తరం రాయాలంటే ఓడ పేరు రాసి, కేరాఫ్ ఫ్లీట్ మెయిల్ ఆఫీస్ అని రాయడమే. ఆ అడ్రసు చూస్తే మనిషి ఏ సముద్రంలో ఉన్నాడో ఎవరికీ అర్థం కాదు.

డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక పెద్ద చప్పుడు. కిటికీ అద్దాలు అదిరాయి. "పోర్టు పోయిందనుకున్నాం. పక్కింటి పిన్ని నన్ను గట్టిగా పట్టుకుని కూర్చుంది, తెల్లారేవరకు వదల్లేదు" అంది అమ్మ. అది విశాఖ తీరానికి దగ్గర్లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన చప్పుడు. ఘాజీ వచ్చింది విక్రాంత్ కోసమే. ఎలా మునిగిందన్న దాని మీద రెండు దేశాల కథనాలు వేరు. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీల (నీటి లోపల పేలే బాంబుల) వల్లనని మనవాళ్లంటారు. లోపలే ఏదో పేలిందని లేదా అది సముద్రంలో పరిచిన మైన్లే (మందుపాతరలే) దాన్ని ముంచాయని అటువైపు వాళ్లంటారు. మర్నాడు మత్స్యకారులకి దాని తాలూకు వస్తువులు దొరకడంతో సంగతి బయటపడింది. అందులో ఉన్న తొంభై మందికి పైగా మనుషుల్లో ఒక్కరూ బతకలేదు. ఆ మాట వచ్చినప్పుడు నాన్న అన్నది ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "వాళ్లలోనూ ఇంజన్ గదివాళ్లుంటారు కదమ్మా. పైకి వచ్చే దారి మాకెంత దూరమో వాళ్లకీ అంతే."

ఆ రాత్రి విక్రాంత్ విశాఖలో లేదు. ఎక్కడో అండమాన్ దీవుల్లో, పోర్ట్ ఎక్స్-రే అని మారుపేరు పెట్టిన రహస్య లంగరు చోటు నుంచి కదిలి యుద్ధానికి వెళ్లింది. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ విక్రాంత్ ఇక్కడే ఉందని నమ్మించడానికి పెద్ద నాటకమే ఆడించారు. రాజ్‌పుత్‌ని విక్రాంత్‌లా నటిస్తూ వైర్‌లెస్ సందేశాలు పంపమన్నారు. ఊళ్లో కాంట్రాక్టర్లకి పెద్ద ఓడకి సరిపడా మాంసం, కూరగాయలు ఆర్డరిచ్చారు. శత్రువు వినాలనే, విక్రాంత్‌లో ఉన్న ఒక నావికుడు తల్లి ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతున్నట్టు ఒక మామూలు సందేశం కూడా పంపించారు.

ఈ నాటకం ఎంత బాగా పండిందంటే, మా వీధిలో పెద్దవాళ్లు కొందరు ఇప్పటికీ "విక్రాంత్ ఆ రాత్రి ఇక్కడే ఉంది, మాకు తెలుసు" అంటారు. ఒక మావయ్యగారైతే బజారులో ఆ కూరగాయల బస్తాలు చూశానన్నారు. చూసే ఉంటారు. నేను ఆయన్ని సరిదిద్దలేదు. ఆయన మాటలు అలాగే రికార్డు చేసి, కింద అసలు సంగతి వేరే రంగు సిరాతో రాసి పెట్టాను. జ్ఞాపకం ఒకవైపు, రుజువైన విషయం ఒకవైపు ఉండాలి. రెండూ కలిపేస్తే ఇక విడదియ్యలేం.

ఆ తల్లి ఆరోగ్యం సందేశం గురించి నేను చదివి వినిపించినప్పుడు అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మాకు మాత్రం ఆ రోజుల్లో ఒక్క ముక్కా రాలేదు" అంది. నాన్న తలొంచుకున్నారు. యుద్ధం ముగిశాక వచ్చిన ఇన్‌లాండ్ లెటర్ అమ్మ దగ్గర ఇంకా ఉంది. క్షేమమని, సెలవు దొరికితే వస్తానని, తన తల్లిని చూసుకోమని మూడు ముక్కలు. లొంగుబాటు గురించి గానీ విమానాల గురించి గానీ ఒక్క అక్షరం లేదు. ఇంటి దగ్గరున్న ఆడవాళ్లని అడగకుండా ఓడ కథ రాసేవాళ్లు సగం కథే రాస్తున్నారని నేననుకుంటాను.

నాన్నతో పనిచేసినవాళ్లని పట్టుకోవడానికి పాత అడ్రసు పుస్తకం, మాజీ సైనికుల వాట్సాప్ గ్రూపులు సాయపడ్డాయి. కొల్లంలో ఒకాయన ఫోన్లో హిందీలో మాట్లాడారు. విజయనగరం దగ్గర ఒక అత్తయ్యగారు, భర్త పోయి చాలా ఏళ్లయింది, ఆయన ఫొటోలన్నీ ట్రంకుపెట్టెలోంచి తీసి నా ముందు పెట్టారు. ఫొటోకి ముందువైపు ఎంత ముఖ్యమో వెనకవైపూ అంతే. వెనకాల స్టూడియో ముద్ర ఉంటుంది, కొన్నిసార్లు పెన్సిల్‌తో రాసిన పేర్లుంటాయి. రెండువైపులా స్కాన్ చేసి, అసలు ఫొటోలు అక్కడికక్కడే తిరిగి ఇచ్చేశాను. ఏ ఇంటి నుంచీ ఏ కాగితమూ తీసుకెళ్లకూడదని ముందే అనుకున్నాను.

తేదీల విషయంలో సర్వీసు పుస్తకమే ఆధారం. ఏ ఓడలో ఎప్పుడు చేరారు, ఎప్పుడు దిగారు అన్నది అందులో ఉంటుంది. పుస్తకం పోయినవాళ్ల రికార్డులు ముంబయి మాన్‌ఖుర్ద్‌లోని బ్యూరో ఆఫ్ సెయిలర్స్ చూస్తుంది. ఉత్తరం రాసేటప్పుడు సర్వీసు నంబరు తప్పనిసరి. నంబరు గుర్తులేకపోతే 1971 యుద్ధానికి ఇచ్చిన సంగ్రామ్ మెడల్ అంచు చూడండి, అక్కడ పేరుతో పాటు చెక్కి ఉంటుంది. అత్తయ్యగారి ఇంట్లో భర్త నంబరు అలాగే దొరికింది. పూర్వీ స్టార్ అనే పతకం ఉందంటే ఆ మనిషి తూర్పువైపు యుద్ధంలో ఉన్నట్టు.

ఓడే ఉండి ఉంటే ఈ పని చాలా తేలికయ్యేది. విక్రాంత్ 1997 జనవరి 31న సర్వీసు నుంచి తప్పుకుంది. కొన్నాళ్లు ముంబయిలో మ్యూజియంగా ఉంది. 2012లో భద్రత లేదని మూసేశారు. కాపాడాలని కోర్టుకి వెళ్లినవాళ్లున్నారు, సుప్రీంకోర్టు వరకూ వెళ్లినా ఆగలేదు. 2014లో దాదాపు 60 కోట్లకి తుక్కుకింద అమ్మేశారు. ముంబయి దారుఖానాలో దాన్ని కోస్తున్న ఫొటోలు పేపర్లో వచ్చిన రోజు నాన్న అన్నం సగంలో లేచిపోయారు. ఆ ఉక్కు కలిపి బజాజ్ వాళ్లు 2016లో 'వి' అనే బైకు తెచ్చినప్పుడు మా తమ్ముడు షోరూముకి తీసుకెళ్లాడు. నాన్న ట్యాంకు మీద చెయ్యి వేసి, "ఇది డెక్ ఉక్కా, కింద గదుల ఉక్కా?" అని సేల్స్ కుర్రాణ్ని అడిగారు. పాపం ఆ అబ్బాయికి ఏం తెలుస్తుంది. నాన్నకి మాత్రం అది నిజంగా కావలసిన సమాధానం. నా దృష్టిలో అలాంటి ఓడని తుక్కు చెయ్యడం పెద్ద తప్పు. 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో కొత్త విక్రాంత్ నేవీలో చేరడం టీవీలో చూసి నాన్న చాలా సంతోషపడ్డారు. ఆ సంతోషం వేరు, ఈ లోటు వేరు.

ఓడ లేదు కాబట్టి, నాన్నని విశాఖ ఆర్కే బీచ్‌లో ఉన్న కుర్సురా జలాంతర్గామికి తీసుకెళ్లాను. 1969లో నేవీలో చేరిన ఈ సోవియట్ జలాంతర్గామి 2001 వరకూ పనిచేసింది. 2002 నుంచి మ్యూజియంగా ఉంది. లోపల వివరాలు చెప్పేది రిటైరైన నేవీవాళ్లే. నాన్నని చూడగానే ఒకాయన "ఏ బ్రాంచి సార్?" అన్నారు. అంతే, నేను అక్కడ లేనట్టే. ఇద్దరూ గుండ్రటి ద్వారాల దగ్గర నిలబడి ఒకరి మాట ఒకరు పూర్తిచేస్తూ మాట్లాడుకున్నారు. ఇంజన్ గదిలోకి వచ్చాక నాన్న ఒక చక్రం పిడి పట్టుకుని, నాకు ఇంట్లో ఎన్నడూ చెప్పని ఒక పేరు చెప్పారు. ఆయనకి పని నేర్పిన పెట్టీ ఆఫీసర్ పేరు. వాల్వ్‌ని మొత్తం తెరిచాక కొంచెం వెనక్కి తిప్పి వదలాలని, లేకపోతే అది తెరిచి ఉందో పట్టేసి ఉందో తర్వాత వచ్చినవాడికి తెలీదని ఆయన నేర్పారట. జ్ఞాపకం తలలో ఎంత ఉంటుందో చేతుల్లోనూ అంతే ఉంటుందని నాకు అక్కడ అర్థమైంది. మీ ఇంట్లో పెద్దాయన్ని కూర్చోబెట్టి అడిగితే మాట రాకపోతే, ఒకసారి అక్కడికి తీసుకెళ్లండి. లోపల ఇరుగ్గా ఉంటుంది, మోకాళ్ల నొప్పులుంటే జనం లేని పూట చూసుకుని వెళ్లండి.

రికార్డింగులన్నిటినీ మూడు చోట్ల కాపీ చేశాను. ఒకటి మా ఇంట్లో హార్డ్ డిస్కులో, ఒకటి తమ్ముడి దగ్గర, ఒకటి ఆన్‌లైన్లో. ఎవరు మాట్లాడారో వాళ్ల పిల్లలకి వాళ్ల భాగం పంపించాను. ఫైలు పేరులోనే మనిషి పేరు, ఓడ పేరు, తేదీ ఉండాలి. లేకపోతే పదేళ్లయ్యాక ఎవరి గొంతో ఎవరికీ తెలియదు. విన్నది విన్నట్టు రాసుకునే పని ఇంకా సాగుతోంది. నేవీ హిందీ, ఇంగ్లీషు, ఉత్తరాంధ్ర తెలుగు కలిసిపోయిన మాట అది. దాన్ని పుస్తకభాషలోకి మార్చకుండా అలాగే రాస్తున్నాను.

సంక్రాంతి దాటాక టెక్కలి వైపు ఒక ఊరు వెళ్తున్నాను. అక్కడ ఉన్నాయన 1971లో విక్రాంత్ వంటగదిలో కుక్. వెయ్యి మందికి పైగా మనుషులకి యుద్ధం మధ్యలో పూటపూటా అన్నం ఎలా పెట్టారో, రాత్రి 12 గంటల వాచ్‌కి దిగే స్టోకర్లకి టీ ఎవరు తెచ్చిచ్చేవారో అడగాలి. టీ సంగతి నాన్న అడగమన్నారు. తెచ్చినవాడి మొహం గుర్తుందట, పేరు గుర్తు రావడం లేదట.